తిరగబడిన జబ్బ ఎముక

మా ప్రయోగశాలలోని అద్దాల బీరువాలో ఒక కుందేలు అస్థిపంజరం ఉంది. నేను ఉద్యోగంలో చేరేనాటికే అది అక్కడ ఉంది. సన్నని తీగతో కట్టి, చెక్క పీఠం మీద నిలబెట్టి, ఎవరో ఓపికగా తయారుచేసిన పాత నమూనా అది. దాన్ని చూసి విద్యార్థులు బొమ్మలు గీసేవారు, ఆ రికార్డులను నేను దిద్దేదాన్ని. ఆరేళ్లు అలా గడిచాక ఒక అమ్మాయి రికార్డులో జబ్బ ఎముక బొమ్మ తప్పుగా కనబడింది. మేం స్కాపులా అని పిలిచే ఆ ఎముక వెలుపలి ముఖం మీద నిలువునా ఒక గట్టు ఉంటుంది. కుందేలులో ఆ గట్టు కింది కొస దగ్గర మెటాక్రోమియన్ అనే సన్నటి ముల్లు బయలుదేరి తోక వైపుకు సాగుతుంది. ఆ అమ్మాయి బొమ్మలో అది తల వైపుకు తిరిగి ఉంది. ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఒక మార్కు తగ్గించాను.

మరునాడు ఆమె రికార్డు పట్టుకుని వచ్చి, "మేడమ్, ఒక్కసారి బీరువా దగ్గరికి వస్తారా?" అని అడిగింది. వెళ్లి చూశాను. ముల్లు తల వైపుకే ఉంది. అస్థిపంజరాన్ని కట్టినవారు ఎడమ స్కాపులాను కుడి పక్కన, కుడిదాన్ని ఎడమ పక్కన బిగించారు. నిజంగా చూసి గీసినది ఆ అమ్మాయి ఒక్కతే. మిగిలిన తరగతి అంతా, అంతకు ముందు ఆరేళ్ల విద్యార్థులంతా, తప్పు నమూనాను ఎదురుగా పెట్టుకుని పుస్తకంలోని ఒప్పు బొమ్మను దించారు. నేను వాళ్లందరికీ పూర్తి మార్కులు వేశాను. ఆ బీరువా ముందు నుంచి రోజూ నడిచిన నేను కూడా ఆ ఎముకను చూడలేదు.

సకశేరుకాల మీద పరిశోధన చేసే మీరు సైన్సు బోధన వైపు ఎందుకు మళ్లారని అడిగినవారికి ఇన్నేళ్లుగా రకరకాల మర్యాదపూర్వక జవాబులు చెబుతూ వచ్చాను. అసలు జవాబు ఆ స్కాపులాయే.

అప్పటికి నా పని కప్పల దవడ మీద. తోకతో నీటిలో ఈదే కప్ప పిల్లను టాడ్‌పోల్ అంటాం. టాడ్‌పోల్ నోరు, కప్ప నోరు ఒకే జంతువువని నమ్మడం కష్టం. టాడ్‌పోల్‌కు కొమ్ము పదార్థంతో చేసిన, పక్షి ముక్కు లాంటి చిన్న ముక్కు, దాని చుట్టూ పలుచటి పళ్ల వరుసలు ఉంటాయి. వాటితో అది పాచిని గీకి తింటుంది. దవడ కీలు కళ్లకంటే బాగా ముందు, మూతి దగ్గరే ఉంటుంది. కప్పగా మారే రూపవిక్రియ మొదలయ్యాక కొమ్ము ముక్కు రాలిపోతుంది, కింది దవడ మృదులాస్థి పొడవు పెరుగుతుంది, కీలు వెనక్కి జరుగుతూ చెవి దగ్గరికి చేరుతుంది. ఇదంతా నడిపేది థైరాయిడ్ హార్మోను. 1912లోనే గుడర్‌నాచ్ అనే శాస్త్రవేత్త టాడ్‌పోల్‌లకు థైరాయిడ్ గ్రంథి ముక్కలు తినిపించి, ఇంకా పెరగాల్సినవి కాలం రాకుండానే బుల్లి కప్పలుగా మారిపోవడం చూపించాడు.

ఈ మార్పును చూడటానికి మేం వాడే పద్ధతి నాకు ఇప్పటికీ ఇష్టమైనది. ఫార్మలిన్‌లో ఉంచిన టాడ్‌పోల్‌కు ఆల్షియన్ బ్లూ అనే రంగు ఎక్కిస్తే మృదులాస్థి నీలమవుతుంది. ట్రిప్సిన్ అనే ఎంజైముతో కండను పలుచబరిచి అలిజరిన్ రెడ్ అనే మరో రంగు ఎక్కిస్తే ఎముక ఎర్రనవుతుంది. అంచెలంచెలుగా గ్లిజరిన్‌లోకి మార్చుకుంటూ పోతే చివరికి ఒళ్లంతా గాజులా తేటపడి, లోపల నీలం, ఎరుపు గీతలతో గీసినట్టు అస్థిపంజరం మాత్రం మిగులుతుంది. రోజుల తరబడి పట్టే పని. తొందరపడితే కండ కరిగి ఎముకలు విడిపోతాయి. నేను పాడుచేసినవి తక్కువేమీ కాదు. కానీ వరుసగా పది దశల టాడ్‌పోల్‌లను సీసాల్లో పక్కపక్కన పెట్టి చూస్తే దవడ కీలు వెనక్కి నడుస్తున్నట్టే ఉంటుంది.

కుందేలు సంగతి బయటపడిన ఏడాది ఆ పది సీసాలను తరగతికి తీసుకెళ్లి, ఏమీ చెప్పకుండా బల్ల మీద పెట్టి, ఏం కనబడుతోందో రాయమన్నాను. కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదివాక ఒక వాక్యం దాదాపు అందరిలోనూ ఏదో ఒక రూపంలో ఉందని గమనించాను: "పురుగులను తినడం కోసం కప్ప తన దవడను పెద్దదిగా మార్చుకుంది."

ఈ వాక్యం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే నా రెండో వృత్తి అంతా దీని చుట్టూనే తిరిగింది. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి 'కోసం'. రెండోది 'మార్చుకుంది'లోని 'కొను'. వండడానికి, వండుకోవడానికి మధ్య తేడా తెలుగు మాట్లాడే పసిపిల్లలకు కూడా తెలుసు. 'కొను' చేరగానే ఆ పని చేసినవాడు తన మేలు కోరి, తెలిసి చేశాడన్న ధ్వని వచ్చి కూర్చుంటుంది. మన పాఠ్యపుస్తకాలు తెరిచి చూడండి. చేపలు మొప్పలను ఏర్పరచుకున్నాయి, పక్షులు ఎగరడం కోసం రెక్కలను సంతరించుకున్నాయి, తిమింగలాలు నీటి జీవితాన్ని అలవరచుకున్నాయి. ఒక్కొక్క వాక్యం వినసొంపుగానే ఉంటుంది. అయితే తరాల మీదుగా, ఎవరి ఇష్టానిష్టాలతోనూ పని లేకుండా, కొన్ని తేడాలున్నవి ఎక్కువ సంతానాన్ని మిగల్చడం వల్ల జరిగిన మార్పును ఈ 'కొను' ఒక జంతువు ఒక జీవితంలో తీసుకున్న నిర్ణయంగా చూపిస్తుంది. విద్యార్థి తప్పు రాశాడనుకుంటాం గానీ, ఆ తప్పును వాక్యనిర్మాణంతో సహా వాడి చేతికి అందించినది మనమే.

పిల్లలు తరగతికి ఖాళీ బుర్రలతో రారని, తమకు తాము కట్టుకున్న వివరణలతో వస్తారని, ఆ వివరణలను పట్టించుకోకుండా పైన ఎంత పోసినా నిలవదని 1980లలో ఇంగ్లండులోని లీడ్స్‌లో సైన్సు బోధన పరిశోధకురాలు రోజలిండ్ డ్రైవర్, ఆమె సహచరులు విస్తారంగా పనిచేసి చూపించారు. ఆ రచనలు చదువుతున్నప్పుడు నాకు కొత్త శాస్త్రం చదువుతున్నట్టు అనిపించలేదు. శరీర నిర్మాణశాస్త్రంలో మేం చేసేది కూడా ఇదే. ఒక అవయవం వింతగా కనబడితే దాన్ని తప్పు అనం, ఇంతకు ముందు ఇది ఏమై ఉండేదని అడుగుతాం. పైన చెప్పిన 'కోసం' కూడా అలాంటి పాత ఎముకే. మనుషుల పనుల గురించి మాట్లాడేటప్పుడు అది చక్కగా సరిపోతుంది, కనుకే ఊడి రాదు. దాన్ని కొట్టివేస్తే పరీక్ష కాగితం నుంచి పోతుంది, తలలో ఉండిపోతుంది.

పాత ఎముకలు కొత్త పనిలోకి దిగడానికి మధ్య చెవికి మించిన ఉదాహరణ నాకు తెలియదు. సరీసృపాల్లో కింది దవడ కీలును చేసేవి ఆర్టిక్యులర్, క్వాడ్రేట్ అనే రెండు ఎముకలు. 1837లో రైకర్ట్ అనే శరీర నిర్మాణశాస్త్రజ్ఞుడు పంది పిండాలను పరిశీలించి, క్షీరదాల మధ్య చెవిలోని సుత్తి, దాగలి ఎముకలు ఆ రెండింటికి సాటి అని చెప్పాడు. మొదట వింటే నమ్మబుద్ధి కాదు. దవడ కీలు ఊడి చెవిలోకి వెళ్తే ఆ మధ్య కాలంలో జంతువు నమిలేది ఎలా అని ప్రతి తరగతిలోనూ ఒకరైనా అడుగుతారు. అది చాలా మంచి ప్రశ్న. జవాబు శిలాజాల్లో దొరికింది. సుమారు 20 కోట్ల ఏళ్ల కిందటి మోర్గనుకోడాన్ అనే చిన్న జంతువుకు పాత కీలు, కొత్త కీలు రెండూ పక్కపక్కనే ఉండేవి. కొత్తది బరువు మోస్తుండగా పాతది నెమ్మదిగా ఖాళీ అయింది. అపోసమ్ అనే సంచి జంతువు పిల్లలకు పుట్టిన నాటికి ఆ ఎముకలు ఇంకా దవడను అంటుకునే ఉంటాయి, తర్వాతే విడిపోతాయి. 'వినడం కోసం' అనే మాట ఈ కథలో ఎక్కడా ఇమడదు. దాన్ని నేను ఖండించనక్కర్లేదు, విద్యార్థులే ఇమడదని చూస్తారు.

కప్ప గుండె విషయంలో అయితే తప్పు నాదే. కప్పకు ఒకటే జఠరిక ఉంది కనుక మంచి రక్తం, చెడు రక్తం కలిసిపోతాయి, అందుకే అది అసంపూర్ణమైన గుండె అని నేను ఏళ్ల తరబడి చెప్పాను. నాకు అలాగే చెప్పారు. నిజానికి జఠరిక లోపలి కండర పోగులు, బయటికి పోయే నాళంలోని సర్పిల కవాటం రెండు ప్రవాహాలను చాలావరకు విడిగానే ఉంచుతాయి. పైగా కప్ప చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటుంది. చర్మం నుంచి వచ్చే రక్తం కుడి కర్ణికకు చేరుతుంది. నీట మునిగి ఊపిరితిత్తులు పనిచేయని సమయంలో ఆక్సిజన్ ఉన్న రక్తం ఆ కుడి వైపు నుంచే వస్తుంది. మన గుండెలో ఉన్నట్టు మధ్యలో గోడ ఉంటే ఆ రక్తమంతా ముందు ఊపిరితిత్తుల వైపు తిరగాల్సి వచ్చేది. అసంపూర్ణం అన్న మాటలో మనిషి గుండె కొలబద్ద దాగి ఉంది. విద్యార్థుల 'కోసం'ను వెతికి పట్టుకునే నేను నా 'అసంపూర్ణం'ను గుర్తించడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో సాగడం పక్షుల సొత్తని రాసుకున్న నోట్సును 2010లో మొసలి జాతికి చెందిన అలిగేటర్ ఊపిరితిత్తుల్లోనూ గాలి అలాగే సాగుతుందని చూపిన పరిశోధన చూశాక కొట్టివేయడం మాత్రం ఒక్క సాయంత్రం పనే.

వృత్తిపరంగా రెండు పడవల ప్రయాణం సుఖంగా సాగిందని చెప్పను. పదోన్నతి కోసం కూర్చున్న ఒక సమావేశంలో నా బోధనా పరిశోధన పత్రాలను పక్కకు పెట్టి, "ఇవి కాక అసలు పత్రాలు ఎన్ని?" అని అడిగారు. 2014లో ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలను కలిపి చూసి, కేవలం ఉపన్యాసంతో నడిచే తరగతుల్లో తప్పేవారు 33.8 శాతం ఉంటే విద్యార్థుల చేత పనిచేయించే తరగతుల్లో 21.8 శాతం ఉన్నారని చూపించింది. ఒక మందు ఇంత తేడా చూపిస్తే అది అసలు పత్రమా కాదా అని ఎవరూ అడగరు. ఆ మాట అక్కడ అనలేకపోయాను, ఆ రాత్రి ఇంట్లో తోచింది.

ఆ రోజుల్లో నాకు ధైర్యమిచ్చినది శిలాజ శాస్త్రజ్ఞురాలు జెన్నీ క్లాక్ జీవితం. ఆమె డాక్టరేటుకు ముందు కొన్నేళ్లు మ్యూజియంలో ప్రదర్శనలు, బోధన పని చేశారు. తర్వాత 1987లో గ్రీన్‌లాండ్ నుంచి అకాంథోస్టెగా అనే తొలినాటి నాలుగు కాళ్ల జంతువు శిలాజాలను తెచ్చారు. 1990లో మైకేల్ కోట్స్‌తో కలిసి దాని ముందు కాలికి ఎనిమిది వేళ్లున్నాయని ప్రకటించారు. నాలుగు కాళ్ల జంతువులకు మూలంలో అయిదే వేళ్లని పుస్తకాలన్నీ రాసుకుని ఉన్న కాలం అది. చూసిన వేళ్లను ఆమె లెక్కపెట్టారు, అంతే. ఆ ఎనిమిదిని మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది రికార్డు పట్టుకుని వచ్చిన ఆ అమ్మాయి. ఆమె మార్కు ఆ రోజే తిరిగి వేశాను. మిగిలినవారి మార్కులు తగ్గించాలా అన్నది తేలలేదు, చివరికి వదిలేశాను.

కుందేలు స్కాపులాను మాత్రం సరిచేయించలేదు. ప్రతి ఏడాదీ ఏమీ చెప్పకుండా దాన్నే గీయమంటాను. ఈసారి ముల్లును తల వైపుకు గీసినవారు ముగ్గురు. నాలుగో కుర్రాడు పుస్తకంలో ఉన్నట్టు తోక వైపుకే గీసి, పక్కన బాణం గుర్తు వేసి, "బీరువాలో ఇలా లేదు" అని పెన్సిలుతో చిన్నగా రాశాడు. వచ్చే ఏడాది నా తర్వాత ఈ తరగతులు తీసుకోబోయే సహోద్యోగికి అదంతా చూపించాను. విద్యార్థులకు తప్పు నమూనా ఇచ్చి పరీక్షించడం న్యాయం కాదని ఆమె అంటారు. నమూనా కూడా తప్పు కావచ్చని తెలియడమే పాఠమని నేనంటాను. వాదన ఇంకా తెగలేదు. బీరువా తాళం ఆమెకు ఇచ్చేశాను. తీగ విప్పే పట్టకారు ఆమె సొరుగులో ఉంది.