నైనితాల్‌లో చెరువును కాపాడే నాలాలు

హైదరాబాద్ ఎండలకు తాళలేక మే నెలలో అమ్మను తీసుకుని ఉత్తరాఖండ్‌లోని నైనితాల్ వెళ్లాను. ఢిల్లీ దాకా విమానం, అక్కడి నుంచి రాత్రి రాణిఖేత్ ఎక్స్‌ప్రెస్. తెల్లారేసరికి కాఠ్‌గోదాం. రైలు పట్టాలు అక్కడితో ఆఖరు, ఆ పైన 35 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. మలుపులకు అమ్మకు కడుపులో తిప్పింది కానీ, జ్యోలికోట్ దాటి చల్లగాలి తగిలేసరికి తేరుకుంది.

టాక్సీ తల్లీతాల్‌లో, అంటే చెరువు దిగువ చివర దించింది. ఎదురుగా ఆకుపచ్చటి నీళ్లు, చుట్టూ నిటారుగా కొండలు. మన హుస్సేన్ సాగర్‌తో పోలిస్తే చిన్న చెరువే, పొడవు ఒకటిన్నర కిలోమీటరు ఉండదు. కానీ ఎక్కడా వాసన రాలేదు. ట్యాంక్‌బండ్ మీద తిరిగి పెరిగినవాళ్లకు ముందు తట్టేది అదే.

పడవ ఎక్కాం. అమ్మ తన హైదరాబాదీ హిందీలో పడవాయనతో కబుర్లు మొదలుపెట్టింది. ఆయన తెడ్డు ఆపి ఉత్తరం వైపు కొండను చూపించాడు. 1880 సెప్టెంబర్ 18న, రెండు రోజులు ఆగకుండా కురిసిన వానకు ఆ కొండ చరియ విరిగి పడింది. 151 మంది చనిపోయారు. ఒడ్డునున్న నైనాదేవి గుడి కూడా మట్టి కింద పోయింది. ఇప్పుడు పిల్లలు క్రికెట్ ఆడుకునే ఫ్లాట్స్ మైదానం చాలావరకు ఆ మట్టి మేట వేసిన చోటే. ఈ మాట విన్నాక ఆ మైదానంలో మామూలుగా నడవలేకపోయాను.

మరునాడు కొండ దారుల్లో తిరుగుతుంటే రాళ్లతో కట్టిన పాత కాలువలు కనిపించాయి. అక్కడివాళ్లూ నాలాలనే అంటారు. ఆ ప్రమాదం తర్వాత బ్రిటిష్ వాళ్లు వీటిని పెద్ద ఎత్తున కట్టించారు. వాన నీళ్లు వదులు మట్టిలో ఇంకితే కొండ మళ్లీ జారుతుంది. అందుకే ఆ నీటిని ఎక్కడికక్కడ పట్టి చెరువులోకి దించేస్తారు. అంటే కొండ నిలవడానికీ, చెరువు నిండడానికీ ఈ కాలువలు పెద్ద ఆధారం. నైనితాల్‌లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించినవి ఇవే. రోప్‌వే ఎక్కి స్నో వ్యూ దాకా పోయాం, ఆ రోజు మబ్బు, హిమాలయాలు కనపడలేదు. దానికి నేను పెద్దగా బాధపడలేదు.

మనకూ ఇలాంటి కథే ఉంది. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వేలమందిని మింగాకే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. అంత నేర్చుకున్న ఊళ్లోనే కూకట్‌పల్లి నాలా ఇన్నేళ్లు మురుగును మోసుకొచ్చి హుస్సేన్ సాగర్‌లో పోసింది. తలచుకుంటే కడుపు మండుతుంది.

అలాగని నైనితాల్‌లో అంతా బాగుందనలేను. నాలాల్లో చిప్స్ ప్యాకెట్లు చూశాను. చెరువు అడుగున ప్రాణవాయువు లేక 2007 నుంచి గొట్టాలతో గాలి పంపుతున్నారు. 2018లో ఒడ్డు వెంట వెళ్లే లోయర్ మాల్ రోడ్డు కొంత భాగం కుంగి నీళ్లలో పడిపోయింది. అన్నిటికంటే దిగులు పుట్టించింది సూఖాతాల్. చెరువు ఎగువ చివరనున్న మల్లీతాల్‌కు పైన, వానాకాలంలోనే నిండే గుంట అది. అందులో ఇంకిన నీళ్లే భూమి లోపలి నుంచి నైని చెరువుకు చేరతాయి. దాని చుట్టూ ఇళ్లు కమ్ముకొచ్చాయి. మన చెరువుల శిఖం భూముల్లో, అంటే నీళ్లు నిలవాల్సిన చోట వెలిసిన కాలనీలే గుర్తొచ్చాయి.

అమ్మకు ఇవేవీ పట్టలేదు. 1883లో తిరిగి కట్టిన నైనాదేవి గుడిలో చాలాసేపు కూర్చుంది. బయట బాల్ మిఠాయి అనే అక్కడి కోవా స్వీటు కొనిపించి, మన పాలకోవాకు ఇది సరిరాదని తేల్చింది.

వెళ్లాలనుకుంటే మే, జూన్‌లలో శని, ఆదివారాలు మానుకోండి, మాల్ రోడ్డు మీద కాలు పెట్టే చోటుండదు. స్వెట్టర్ తప్పనిసరి. పొద్దున్నే తల్లీతాల్ నుంచి గుడి దాకా నడిచి, ఓపికుంటే సూఖాతాల్ కూడా ఎక్కి చూడండి.