మెరుపు కన్నా నీడకే పని ఎక్కువ

ఉక్కు కవచం రంగు వేయాల్సిన 75 మిల్లీమీటర్ల యోధుడి బొమ్మకు నిన్న కొట్టిన నల్ల ప్రైమర్, అంటే అడుగు పూత, ఇవాళ్టికి బాగా గట్టిపడింది. మెరుపు లేని మ్యాట్ కాదు, నిగనిగలాడే నలుపు. లోహపు రంగులో ఉండేవి సన్నటి అల్యూమినియం లేదా మైకా రేకులు. అడుగు గరుకుగా ఉంటే అవి తలో దిక్కుకీ తిరుగుతాయి, వెలుతురు చెదిరిపోయి కవచం బూడిదరంగుకు దిగిపోతుంది. నున్నటి అడుగైతే అవి సమంగా పరుచుకుని మెరుస్తాయి.

మొదటి పూతకు ముదురు ఉక్కు రంగు రెండు పాళ్లు, నల్ల ఇంకు ఒక పాలు. పల్చన చేయడానికి నీళ్లు రెండు మూడు చుక్కలకు మించకూడదు. ఎక్కువైతే రేకులు విడిపోయి కవచం పలకల అంచుల్లో పోగుపడతాయి, మధ్యలో నలుపు బయటపడుతుంది. రంగును పల్చన చేసే పారదర్శక ద్రవం, యాక్రిలిక్ మీడియం కలిపితే ఈ బాధ ఉండదు. పల్చటి పూతలు రెండు చాలు, మధ్యలో పావుగంట ఆరనివ్వాలి. సగం ఆరిన చోట మళ్లీ బ్రష్ పెడితే కింది పూత లేచి చారలు పడుతుంది.

మధ్యాహ్నమంతా నీడలతోనే సరిపోయింది, పడాల్సిన శ్రమ కూడా అక్కడే. వెండి రంగు ఎంత పూసినా ఉక్కు అనిపించదు. బొమ్మను ఎటు తిప్పినా మెరుస్తూ ఉంటే కంటికి రేకు కాగితమే కనిపిస్తుంది. నీడ పడే చోటు మెరవకూడదు, అంటే అక్కడ మ్యాట్‌గా ఆరే రంగే వేయాలి. నలుపులో కాస్త నీలం, చిటికెడు గోధుమరంగు కలిపి, దానికి అయిదింతలు మ్యాట్ మీడియం పోస్తే సరిపోతుంది. బ్రష్‌ను టిష్యూ మీద ఒకసారి ఒత్తి, వెలుగు వైపు నుంచి నీడ వైపుకు లాగాలి. బ్రష్ పైకెత్తిన చోటే రంగు ఎక్కువ దిగుతుంది కాబట్టి దిశ తప్పితే నీడ తలకిందులవుతుంది. ఇలా నాలుగైదు పొరలు, ఒక్కోటి పూర్తిగా ఆరాకే తర్వాతది.

రొమ్ము కవచం గుండ్రటి స్తంభం లెక్క. నిలువుగా ఒక వెలుగు పట్టీ, దానికి రెండు పక్కలా చీకటి, చివరి అంచున మళ్లీ సన్నటి వెలుగు. మోకాలి చిప్ప మీద అయితే పట్టీ కాదు, పైభాగంలో చుక్క. చిప్ప కింది అంచుకు నేల రంగు కొద్దిగా తాకించాను. ఆ ఒక్క గోధుమ ఛాయతో బొమ్మ నేల మీద నిలబడినట్టయింది.

మెరిసే వెండి చివర్లో, అదీ శిరస్త్రాణం శిఖరం, పలకల పై అంచులు, వెలుగు పట్టీ నడుమ మాత్రమే. పలకంతా వాష్, అంటే బాగా పల్చటి ముదురు రంగు, పోసేయడం నాకు నచ్చదు. ఆరాక మరకల గీతలు మిగులుతాయి. కీళ్ల సందుల్లోకి, రివెట్ల చుట్టూ మొనతో దింపితే చాలు.

గొలుసు కవచానికి ఇదంతా అక్కర్లేదు. నలుపు మీద దాదాపు పొడిగా తుడిచిన బ్రష్‌తో ముదురు ఉక్కు, ఆపైన భుజం మీద మాత్రం వెండి. కన్నాల్లో నలుపు ఉండిపోవాలి.

తుప్పు వేయలేదు. 15వ శతాబ్దంలో నిండు పలక కవచం ఖరీదైన వస్తువు, దాన్ని రుద్ది మెరుగు పెట్టే మనుషులు ఉండేవారు. ప్రతి యోధుడికీ నారింజ తుప్పు పూస్తే యుద్ధం నుంచి కాదు, చెరువులోంచి లేచొచ్చినట్టుంటుంది. తోలు పట్టీల కింద లేత గోధుమ మరక పెడితే చాలు.

లోహపు రంగుకు నీళ్ల గ్లాసు వేరేగా ఉండాలి. అందులో తేలే రేకులు ఒక్కసారి ముఖం రంగులోకి చేరితే చెంపల మీద మెరుపు చుక్కలు పడతాయి, తుడిచినా పోవు.

మ్యాట్ వార్నిష్ మొత్తం బొమ్మ మీద కొడితే ఇవాళ్టి పనంతా చప్పబడుతుంది. అందుకే బట్టకు, తోలుకు మ్యాట్ వార్నిష్ బ్రష్‌తో విడిగా, కవచానికి పల్చటి శాటిన్ (ఓ మోస్తరు మెరుపుండే) వార్నిష్. సందుల్లోకి వేయాల్సిన బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) ఆయిల్ రంగు మాత్రం ఆ శాటిన్ పూర్తిగా ఆరాకే. తొందరపడితే ఆ ఆయిల్ రంగును పల్చన చేసే వైట్ స్పిరిట్ కింది పూతను మెత్తబరుస్తుంది. అది రేపటి పని.