వేళ్లకు అందిన కణవిభజన

ఉల్లి వేరుకొనల్లో కణాలు విడిపోవడాన్ని సూక్ష్మదర్శినిలో చూడటమే నా పరిశోధన. గుంటూరులో నేను చెప్పే డిగ్రీ తరగతిలో నిరుడు చూపు లేని అమ్మాయి చేరింది. ప్రాక్టికల్స్ నుంచి మినహాయిస్తే సరిపోతుందన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. మిగతావాళ్లు వేరుకొనలను ఆమ్లంలో వేడిచేసి, అసిటోకార్మిన్ రంగు పట్టించి, కవర్‌స్లిప్ కింద నొక్కి చూస్తుంటే, ఆమె బల్ల చివర కూర్చుని వాళ్ల మాటలు వినేది.

దారి మంగళగిరి మగ్గాల దగ్గర దొరికింది. కణం విడిపోయేటప్పుడు, జన్యువులను మోసే క్రోమోసోములను రెండు వైపులకూ లాగే పోగుల అమరికను మన పాఠ్యపుస్తకాలు కండె అంటాయి. నేతగాళ్లకు కండె అంటే నాడెలో పెట్టే నూలు చుట్ట. 1882లో జర్మన్ జీవశాస్త్రవేత్త వాల్తేర్ ఫ్లెమింగ్ ఈ కణవిభజనకు మైటోసిస్ అని పేరు పెట్టినప్పుడు ఎంచుకున్న గ్రీకు మాటకూ అర్థం దారమే. తాను చూసినదంతా ఆయన చేత్తో బొమ్మలు గీసి చూపించాడు. నేను ఆ అమ్మాయి తడిమి చూసేలా పలకల మీద నూలుతో గీద్దామనుకున్నాను.

మొదటి పలక పనికిరాలేదు. ఉల్లికి 16 క్రోమోసోములు కదా అని పదహారూ అతికించాను. "మేడమ్, ఇందులో ఏది కండె, ఏది క్రోమోసోము?" అని ఆమె అడిగింది. కంటికి రంగు చేసే పని వేలికి గరుకుతనం చేయాలని అప్పుడు అర్థమైంది.

నాలుగు క్రోమోసోములకు తగ్గించాం. వాటికి లావు తాడు, కండె పోగులకు గంజి పెట్టిన సన్నదారం, కణకవచానికి కొబ్బరిపీచు. అన్నీ తడిమి ఆమే ఎంచింది. ఒక్కో క్రోమోసోములో అతుక్కుని ఉండే రెండు నకళ్లను, అంటే జంట క్రోమాటిడ్‌లను, టిచ్ బటన్లతో కలిపాం. కణంలో ఆ పని కొహెసిన్ ప్రోటీనుది. సెపరేజ్ ఎంజైము దాన్ని తెంచితేనే జంటలు విడిపోతాయి. రెండు వైపుల నుంచీ దారాలు లాగగానే టక్కుమంది. జంటలు విడిపోయే ఈ ఘట్టాన్నే చలనదశ అంటాం. ఇన్నేళ్లలో దాన్ని చెవులారా వినడం నాకు అదే మొదలు.

ఒకరోజు ఒక దారం ముడి జారింది. "దీన్ని ఒకవైపే పట్టుకుంది మేడమ్. అయినా మిగతావి విడిపోతాయా?" అంది.

విడిపోవు. ప్రతి జంటనూ కండె రెండు కొనల (ధ్రువాల) నుంచీ వచ్చే పోగులు పట్టుకునే దాకా కణం ఆగుతుంది. ఒక్కటి మిగిలినా సెపరేజ్ కదలదు. నేను ఏళ్ల తరబడి చదువుతున్నది సరిగ్గా ఆ ఆగడం గురించే. సూక్ష్మదర్శినిలో చూసిన విద్యార్థులెవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

ఇప్పుడు అయిదో పలక తయారవుతోంది. అందులో ఒక దారం కావాలనే కట్టలేదు. తరగతిలో అందరూ కళ్లు మూసుకుని దాన్ని వెతకాలి. అది ఎక్కడుందో ప్రస్తుతానికి ఆమెకూ నాకూ మాత్రమే తెలుసు.