వింటూ ఫొటో తీయడం: నా అనుభవం

నాకు ఫొటోల పిచ్చి, పాటల పిచ్చి దాదాపు ఒకే వయసులో పట్టుకున్నాయి. పని కోసం ఏవేవో తీశాను, వాటితోనే ఇల్లు గడిచింది. కానీ మనసు పెట్టి తీసినవి మాత్రం పాడేవాళ్ల ఫొటోలు, వాయించేవాళ్ల ఫొటోలే. కెమెరా వాడటం తొందరగానే వచ్చింది. వింటూ తీయడం రావడానికి ఏళ్లు పట్టింది.

మొదలుపెట్టింది ఫిలిం రోజుల్లో. రీలుకు 36 ఫొటోలు. వేదిక మీద వెలుతురు తక్కువ. ఫ్లాష్ వేస్తే పాడేవాళ్ల ధ్యాస చెదురుతుంది కాబట్టి దాని జోలికే పోలేదు. 400 ఐఎస్‌ఓ బ్లాక్ అండ్ వైట్ ఫిలింను (ఐఎస్‌ఓ అంటే ఫిలిం వెలుగుకు ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె) 1600 అనుకుని తీసి, కడిగేటప్పుడు రసాయనమైన డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచేవాడిని. దీన్నే పుష్ చేయడం అంటాం. నీడల్లో వివరం పోతుంది, గ్రెయిన్, అంటే గరుకు చుక్కలు, లేస్తుంది, కానీ ముఖం మీది వెలుగు దక్కుతుంది. నాకు అదే ముఖ్యం.

ఆ రోజుల్లో నాకు బాగా పనికొచ్చిన వస్తువు మెట్రోనోమ్. సంగీత సాధనలో లయ తప్పకుండా టిక్ టిక్‌మని దెబ్బలు కొట్టే ఆ పరికరాన్ని, ఫొటోలు కడిగే చీకటి గది డార్క్‌రూమ్‌లో నిమిషానికి 60కి పెట్టుకుంటే ఒక్కో దెబ్బ ఒక్కో సెకను. కళ్లు గడియారం వైపు తిప్పనక్కర్లేదు. నెగెటివ్‌ను పెద్దది చేసి చూపే ఎన్‌లార్జర్ వెలుగు ఫొటో కాగితం మీద పడుతుండగా ముఖం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి నాలుగు దెబ్బలు ఆపితే ముఖం తేటపడుతుంది. వెనక తెరకు ఇంకో పది దెబ్బలు వెలుగు ఇస్తే అది నల్లబడుతుంది. చెయ్యి కదపకుండా పెడితే దాని అంచు గీతలా ప్రింటు మీద పడుతుంది. అందుకని దెబ్బ దెబ్బకూ కొంచెం కొంచెం ఆడిస్తూ ఉండాలి. అక్కడ లయ తప్పితే ప్రింటు చెడుతుంది.

ఈ పద్ధతి నా ఒక్కడిదే కాదు. కొండలు, లోయల ఫొటోలతో పేరుపొందిన ఆన్సెల్ ఆడమ్స్ (1902-1984) మొదట పియానో వాద్యకారుడు కావాలని సాధన చేసిన మనిషి. ఆయన కూడా డార్క్‌రూమ్‌లో మెట్రోనోమ్ వాడేవారు. నెగెటివ్ అంటే రాసిపెట్టిన స్వరం, ప్రింట్ అంటే దాన్ని వాయించడం అనే అర్థంలో ఆయన చెప్పిన మాట ఫొటోగ్రాఫర్లందరికీ తెలిసిందే. ఇంకో ముచ్చట నాకు మరీ ఇష్టం. 1935లో వచ్చిన కోడాక్రోమ్ కలర్ ఫిలింను కనిపెట్టిన లియోపోల్డ్ మానెస్, లియోపోల్డ్ గొడౌస్కీ జూనియర్ ఇద్దరూ సంగీతకారులే. ఒకరిది పియానో, ఇంకొకరిది వయొలిన్. కటిక చీకట్లో గడియారం కనపడక, బ్రాహ్మ్స్ సింఫనీలోని ఒక భాగాన్ని ఈల వేస్తూ డెవలప్ చేసే సమయం లెక్కపెట్టుకునేవారని చెబుతారు. ఆ ఫిలిం తయారీ 2009లో ఆగిపోయింది. దాని పేరు వినపడితే నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం ఆ ఈలే.

సంగీతం తెలిసినవాళ్లకు ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు ఎంత వెలుగు ఇవ్వాలన్న లెక్క, తొందరగా పట్టుబడుతుందని నా నమ్మకం. ఒక స్వరం నుంచి పైస్థాయిలోని అదే స్వరానికి వెళితే సెకనుకు కంపనాలు సరిగ్గా రెట్టింపవుతాయి, 440 హెర్ట్జ్ కాస్తా 880 అవుతుంది. కెమెరాలో స్టాప్ కూడా అంతే, వెలుగు రెట్టింపో సగమో అవుతుంది. షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 125వ వంతు నుంచి 60వ వంతుకు దిగితే ఒక స్టాప్. లెన్స్‌ను ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 2కు తెరిస్తే (అంకె తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది) ఒక స్టాప్. ఐఎస్‌ఓ 1600 నుంచి 3200కు పెంచితే మరొకటి. ఇది మనసుకెక్కాక సెట్టింగులు బట్టీ పట్టే పని తప్పింది. ఒకచోట పోగొట్టుకున్న స్టాప్‌ను ఇంకోచోట తెచ్చుకుంటే చాలు.

అసలు కష్టం ఎప్పుడు నొక్కాలన్నదే.

నాకు ఈ పని నేర్పిన పెద్దాయన మొదటి పాట అయ్యేదాకా కెమెరా బ్యాగులోంచి తీయనిచ్చేవారు కాదు. “ముందు విను నాన్నా. పాడే ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో కనిపెట్టు” అనేవారు. రీలు మిగిల్చుకోవడానికి అలా అంటున్నారేమో అనుకునేవాడిని. కడిగిన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తున్నకొద్దీ ఆయన మాట తెలిసొచ్చింది. గొంతు పైస్థాయిలో నిలబడ్డప్పుడు చప్పట్లు మోగుతాయి, కెమెరాలన్నీ అప్పుడే పేలతాయి. కానీ ఆ క్షణంలో నోరు పూర్తిగా తెరుచుకుని, మెడ నరాలు ఉబ్బి, కళ్లు బిగుసుకుని ఉంటాయి. ఎదురుగా కూర్చున్నవాళ్లకు పాట వినపడుతుంది కాబట్టి ఆ ముఖం అందంగానే ఉంటుంది. ఫొటో చూసేవాళ్లకు పాట వినపడదు, బాధ ఒక్కటే కనపడుతుంది. ఆ స్వరం దిగి, చివరి మాట పూర్తయి, తర్వాతి ఊపిరికి ముందు చిన్న ఖాళీ ఉంటుంది. ముఖం వదులవుతుంది, కళ్లలో పాట ఇంకా ఉంటుంది. నా మంచి ఫొటోల్లో చాలావాటికి ఆ ఖాళీయే ఆధారం.

తాళవాద్యాలది ఇంకో లెక్క. చెయ్యి పైకి లేచి, దిగబోయే ముందు లిప్తపాటు ఆగుతుంది. అక్కడ సెకనులో 125వ వంతు చాలు, వేళ్లన్నీ స్పష్టంగా వస్తాయి. దెబ్బ దిగేటప్పుడు తీయాలంటే 500వ వంతు కూడా ఒక్కోసారి చాలదు. ఇక చూసి నొక్కుదామంటే కుదరదు, కంటికి కనపడ్డాక వేలు కదలడానికే సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది, ఈలోపు చెయ్యి దిగిపోతుంది. తాళం లోపల నడుస్తుంటే వేలు ముందే కదులుతుంది. వయొలిన్‌లో నేను కాచుకునేది కమాను చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగే చోటు కోసం. భుజం, మోచెయ్యి, కమాను మూడూ అక్కడ చక్కగా కుదురుతాయి.

సంగీతం ఫొటోగ్రాఫర్‌కు ఇచ్చే పెద్ద వరం ఒకటుంది. ఆటల్లో, వీధుల్లో దాటిపోయిన క్షణం దాటిపోయినట్టే. పాటలో పల్లవి మళ్లీ వస్తుంది. మొదటిసారి ఆ చోటు గుర్తుపెట్టుకుంటాను. రెండోసారి వచ్చేలోపు మైకు నోటికి అడ్డం రాని వైపుకు జరిగి, వెనకాల స్టాండో వైరో కనపడకుండా ఒక అడుగు వంగుతాను. ఇక మూడోసారికి ఊపిరి బిగబట్టి తయారుగా ఉంటాను. పాడేవాళ్లు ప్రతిసారీ కొంచెం మారుస్తారు కాబట్టి వచ్చే ఫొటో నేను అనుకున్నట్టే ఉండదు. ఎక్కువసార్లు అంతకన్నా బాగుంటుంది.

అందుకే పెద్ద రాక్, పాప్ షోలలో చాలాచోట్ల ఉండే రూలంటే నాకు గుబులు. వేదిక ముందు నిలబడి మొదటి మూడు పాటలే తీయాలి, ఫ్లాష్ వాడకూడదు. మూడో పాటకు గానీ పాడేవాళ్ల ఒంట్లో బిగువు వదలదు. అలాంటి చోటికి వెళ్లేముందు వాళ్ల పాటలు వరసగా వినేసి, ఏ పాటలో ఎక్కడ ఆపుతారో గుర్తు పెట్టుకుని వెళతాను.

డిజిటల్ వచ్చాక వెలుతురు టెన్షన్ చాలావరకు తీరింది. చప్పుడు టెన్షన్ కూడా తగ్గింది. పాత కెమెరాలో అద్దం లేచి పడే చప్పుడు ముందు వరసదాకా వినపడేది. తాళం జోరు మీదున్నప్పుడే నొక్కి, మెల్లగా సాగే ఆలాపనలో కెమెరా దించేసేవాడిని. ఆ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్‌కు చప్పుడే లేదు. దానికీ ఇబ్బందులున్నాయి, కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి, వేగంగా కదిలే డ్రమ్ము పుల్లలు వంగినట్టు వస్తాయి. అలాంటప్పుడు మామూలు షట్టర్‌కే వెళ్లిపోతాను. ఎర్ర లైటు ఒక్కటే ముఖం మీద పడితే ఎరుపు నిండిపోయి చర్మం మీది వివరం చెరిగిపోతుంది. ఒక స్టాప్ తగ్గించి, కెమెరా ఏ మార్పూ చేయని అసలు ఫైలు, అంటే రా ఫైలు, తీసుకుని, తర్వాత బ్లాక్ అండ్ వైట్‌లోకి మారుస్తాను. మామూలుగా ఐతే పాత అలవాటు కొద్దీ ఆలాపనలో ఇప్పటికీ కెమెరా దించే వింటాను. ఆ కాస్తసేపు వినకపోతే తర్వాత వచ్చే పాట చేతికి అందదు.

ప్రస్తుతం పాత నెగెటివ్‌లను స్కాన్ చేసే పనిలో ఉన్నాను. లైట్ ప్యానెల్ మీద నెగెటివ్ పెట్టి, పైనుంచి, దగ్గరగా తీయడానికి పనికొచ్చే మాక్రో లెన్స్‌తో ఫొటో తీసుకోవడమే. ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిలిం వేడికి, తేమకు చెడిపోతూ వెనిగర్ వాసన వేస్తుంది. ఆ వాసన తగిలిన రీళ్లను విడదీసి ముందు అవే చేస్తున్నాను. మిగతావి ఆగినా ఫర్వాలేదు, ఇవి ఆగవు.

ఈమధ్య ఒక వయొలిన్ కళాకారుడికి ఆయన కుర్రవయసులో ఉన్నప్పటి ప్రింటు ఒకటి ఇచ్చాను. ముఖం వైపు చూడనే లేదు. తంతుల మీద తన వేళ్లున్న చోటే దగ్గరగా పెట్టుకుని చూసి, “ఇది చరణంలో రెండో సంగతి కదండీ” అన్నారు. సంగతి అంటే ఒకే లైనును కొంచెం మార్చి మళ్లీ వాయించడం. నేను తీసింది సరిగ్గా అక్కడే. అప్పటి నుంచి ప్రింటు వెనక పెన్సిల్‌తో తేదీతోపాటు ఏ పాట, అందులో ఏ చోటు అన్నది కూడా రాస్తున్నాను. నాకు గుర్తురానివి వాయించినవాళ్లనే అడిగి రాయించుకుంటున్నాను. బ్లాక్ అండ్ వైట్ రీళ్లు ఇంకా ఉన్నాయి. అవి అయ్యాక కలర్ స్లైడ్లు మొదలుపెట్టాలి.