బ్లడ్ ఎల్ఫులు హోర్డ్‌ని ఎందుకు వదలరు?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. బంగారు జుట్టు, తెల్లటి మేడలు, వేల ఏళ్ల మంత్రవిద్య ఉన్న బ్లడ్ ఎల్ఫులు పోయి పోయి ఓర్కులు, ట్రోల్‌లు, నడిచే శవాలు ఉండే హోర్డ్ పక్షాన ఎందుకు చేరారు? చేరితే చేరారు, ఇన్నేళ్లుగా అక్కడే ఎందుకున్నారు? ‘హోర్డ్ వైపు కాస్త అందమైన మొహాలు కావాలి కాబట్టి’ అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది నిజమే గాని సగం నిజం. 2004 నవంబర్‌లో ఆట మొదలైనప్పుడు హోర్డ్‌లో నాలుగు రేసులు (జాతులు), దాని శత్రుపక్షం అలయన్స్‌లో నాలుగు. పాలడిన్ (పవిత్ర యోధుడు) క్లాసు అలయన్స్‌కే, షామన్ (ప్రకృతి శక్తుల మాంత్రికుడు) హోర్డ్‌కే. 2007 జనవరిలో వచ్చిన మొదటి ఎక్స్‌పాన్షన్ (ఆటకు అదనపు భాగం) బ్లడ్ ఎల్ఫులను హోర్డ్‌కి, డ్రెనైలను అలయన్స్‌కి ఇచ్చింది. దాంతో హోర్డ్‌కి పాలడిన్‌లు, అలయన్స్‌కి షామన్‌లు దక్కారు. ఇదంతా లెక్కల కోసమే. కాని ఆ లెక్కకు అల్లిన కథ ఇంకా చిరగలేదంటే దాని కుట్టు గట్టిది.

ఆ కుట్టులో ప్రేమాభిమానాల దారం పెద్దగా ఉండదు. అవతలి తలుపు మూసుకుపోవడమే అసలు దారం.

2003లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3 ఎక్స్‌పాన్షన్ దగ్గర మొదలుపెట్టాలి. అప్పటికే ఆర్థస్ అనేవాడు శవసేనతో ఎల్ఫుల రాజ్యం క్వెల్‌థలాస్ మీద పడి, వాళ్ల మంత్రశక్తికి ఊట అయిన సన్‌వెల్‌ని పాడుచేసి, ఆ జాతిలో పదింట తొమ్మిది వంతుల మందిని చంపాడు. మిగిలినవాళ్లను యువరాజు కేల్‌థాస్ అలయన్స్ పంచన చేర్చాడు. అక్కడి సేనాని గారిథోస్ చేసింది అచ్చంగా పొమ్మనలేక పొగబెట్టడం. ముందు పాడుబడ్డ అబ్జర్వేటరీలు బాగుచేయమన్నాడు. తర్వాత తన సైన్యాన్ని తీసుకుపోయి, శవసేనను మీరే ఆపుకోండన్నాడు. దిక్కుతోచక నాగాల (సముద్రపు పాము జాతి) సాయం తీసుకుంటే ద్రోహమని మాంత్రికుల నగరం డలరాన్‌లో జైల్లో వేసి మరణశిక్ష ప్రకటించాడు. గమనించండి, ఎల్ఫులు అలయన్స్‌ని వదిలి రాలేదు, అలయన్సే వాళ్లను గెంటేసింది. వదిలివచ్చినవాడికి తిరిగి వెళ్దామా అనే ఊగిసలాట ఉంటుంది. గెంటించుకున్నవాడికి అభిమానం అడ్డొస్తుంది.

ఇదంతా పాత ఆటలోని కథ. కొత్తగా బ్లడ్ ఎల్ఫ్‌ని తయారుచేసుకున్న ఆటగాడికి ఇది తెలియక్కర్లేదు. అతనికి చూపించే పనిని, మొదట్లో 10 నుంచి 20 లెవెల్ మధ్య ఆడే గోస్ట్‌ల్యాండ్స్ అనే జోన్ (ప్రాంతం) చేసేది. నా లెక్కలో మొత్తం ఆటలో ఫ్యాక్షన్ (పక్షం) విధేయతను ఇంత బాగా నేర్పిన జోన్ మరొకటి లేదు. ట్రాంక్విలియన్ అనే చిన్న ఊళ్లో ఎల్ఫులు, సిల్వానస్ ఏలే నడిచే శవాలైన ఫర్సేకన్‌లు కలిసి కాపలా కాస్తుంటారు. క్వెస్ట్‌లు ఇచ్చేవాళ్లలో ఇద్దరూ ఉంటారు. ఊరికంటూ వేరే రెప్యుటేషన్ (అక్కడ మనం సంపాదించే పేరు) ఉంటుంది. అదే జోన్‌లో చాటున దాక్కున్న, అలయన్స్ వాళ్లైన నైట్ ఎల్ఫ్ గూఢచారులను పట్టుకోవాలి. దానికి ముందు ఎవర్‌సాంగ్ అడవుల్లోనే అలయన్స్‌కే చెందిన ఒక డ్వార్ఫ్ గూఢచారి లెక్క తేల్చి వచ్చి ఉంటాం. అంటే 20వ లెవెల్ లోపే రెండు సంగతులు చేతికి అంటుతాయి: సాయానికి వచ్చింది ఎవరు, దొంగచాటుగా వచ్చింది ఎవరు. ఒక్క ఉపన్యాసం లేదు.

అదే జోన్‌లో విండ్‌రన్నర్ స్పైర్ దగ్గర శత్రువుల మీద ఒక నెక్లెస్ దొరుకుతుంది. సిల్వానస్‌కి అక్క అలేరియా ఇచ్చినది. తీసుకెళ్లి ఫర్సేకన్‌ల రాజధాని అండర్‌సిటీలో సిల్వానస్ చేతికిస్తే, ఇదంతా నాకెందుకన్నట్టు పక్కన పారేస్తుంది. మనం వెనక్కి తిరిగేలోపు పాట మొదలవుతుంది, చుట్టూ బాన్షీ దెయ్యాలు లేస్తాయి. సిల్వానస్ ఒకప్పుడు ఎల్ఫుల రాజధాని సిల్వర్‌మూన్ సేనాని, ఆ ఊరిని కాపాడుతూనే చచ్చింది. అప్పటి హోర్డ్‌లో ఎల్ఫులకు పరాయివాళ్లు కానిది ఈ ఒక్క మనిషే. తర్వాత డెత్‌హోమ్‌లో ఎల్ఫుల ద్రోహి దార్‌ఖాన్‌ని చంపాక, ఎల్ఫుల పాలన చూసే రీజెంట్ లోర్‌థెమార్ మనల్ని దూతగా హోర్డ్ అధినేత (వార్‌చీఫ్) థ్రాల్ దగ్గరికి పంపుతాడు. హోర్డ్‌లో చేరే సంతకం మన చేతుల మీదుగానే పడుతుంది.

ఇక్కడో చిక్కుంది. 2008లో వచ్చిన 2.4 ప్యాచ్‌లో సన్‌వెల్‌ని మళ్లీ వెలిగించింది వెలెన్, అంటే డ్రెనైల పెద్ద, అలయన్స్ నాయకుల్లో ఒకడు. వెలిగించింది కూడా ఎల్ఫులు బంధించి వాడుకున్న మ్యూరు అనే కాంతిజీవి గుండెతో. ఇంత పెద్ద ఉపకారం జరిగాక కూడా హోర్డ్‌లో ఉంటారా అనే ప్రశ్న రావాలి. వచ్చింది కూడా. మిస్ట్స్ ఆఫ్ పండారియా ఎక్స్‌పాన్షన్‌లో లోర్‌థెమార్ అప్పటి వార్‌చీఫ్ గారోష్‌తో విసిగిపోయి, అలయన్స్ రాజు వేరియన్‌తో లోపాయికారీగా మాటలు మొదలుపెట్టాడు. అంతలో 2012లో వచ్చిన 5.1 ప్యాచ్‌లో నైట్ ఎల్ఫుల రాజధాని డార్నాసస్ నుంచి డివైన్ బెల్ అనే మంత్రగంట దొంగతనం డలరాన్ మీదుగా జరిగింది. డలరాన్‌ని ఏలే జైనా కోపం ఆపుకోలేక నగరంలోని సన్‌రీవర్ వర్గపు బ్లడ్ ఎల్ఫులందరినీ జైల్లో వేయించింది, ఎదురుతిరిగినవాళ్లను చంపించింది. మళ్లీ అదే డలరాన్, మళ్లీ అదే జైలు. రాయబారం అక్కడితో ఆగిపోయింది. కథ రాసినవాళ్లకు రెండో తలుపు కూడా మూయాలని తెలుసు. మూయకపోతే ఎల్ఫులు హోర్డ్‌లో ఉండటానికి కారణం మిగలదు. గతిలేనమ్మకు గంజే పానకం అన్నట్టు, గారోష్ లాంటివాడి కిందైనా ఉండక తప్పలేదు.

మిగతా రేసులకూ ఇదే సూత్రం, మోతాదు మారుతుంది అంతే. టారెన్‌లది అప్పు: సెంటార్‌ల నుంచి కాపాడి మల్గోర్ దాకా తోడొచ్చింది ఓర్కులు. డార్క్‌స్పియర్ ట్రోల్‌లదీ అప్పే. గోబ్లిన్‌లది గతిలేనితనం, అగ్నిపర్వతం ఊరిని మింగేసింది, దారిలో అలయన్స్ ఓడలు వాళ్ల ఓడను ముంచాయి. నోమ్‌లు రేడియేషన్‌తో ఊరు పోగొట్టుకుని డ్వార్ఫుల ఐరన్‌ఫోర్జ్‌లో తలదాచుకున్నారు. గోడ కట్టుకుని అలయన్స్‌కి దూరంగా కూర్చున్న మనుషుల రాజ్యం గిల్నియస్‌ని తిరిగి వెనక్కి తెచ్చింది కూడా ఫర్సేకన్ దండయాత్రే.

అప్పు మీద నిలబడ్డవాళ్లకు ఇంకో లక్షణం ఉంటుంది, తిరగబడతారు గాని వదిలిపోరు. గారోష్ మనుషులు డార్క్‌స్పియర్ నాయకుడు వోల్‌జిన్‌ని చంపబోతే, 2013లో డార్క్‌స్పియర్‌లు తిరుగుబాటు చేశారు, అదీ హోర్డ్ పేరు మీదనే. తండ్రి కెయిర్న్ గారోష్ చేతిలో పోయినా టారెన్‌ల నాయకుడు బెయిన్ అక్కడే ఉన్నాడు. అప్పు ఓర్కులకు గాని వార్‌చీఫ్‌కి కాదు కదా.

కుట్టు ఊడిన చోట్లూ ఉన్నాయి. 2012లో వచ్చిన పండారెన్‌లు వాండరింగ్ ఐల్ కథ చివర ఎటు వెళ్లాలో ఎంచుకోవాలి. తుషూ పద్ధతి వాళ్లు అలయన్స్, హువోజిన్ పద్ధతి వాళ్లు హోర్డ్. తాత్విక భేదం మాత్రమే. ఇటు అప్పు లేదు, అటు అవమానం లేదు. అందుకే ఆ తర్వాత ఆ రెండు వైపుల నాయకులు ఐసా, జీ ఇద్దరికీ పెద్ద కథలో పని దొరకలేదు. సురమార్ నగరపు ఎల్ఫులైన నైట్‌బోర్న్‌ల విషయంలో మళ్లీ పాత సూత్రానికి వచ్చారు. సురమార్ విముక్తికి మూడు రకాల ఎల్ఫులూ వచ్చారు. నైట్ ఎల్ఫుల నాయకురాలు టిరాండే అనుమానంగా మాట్లాడింది, మంత్రశక్తికి బానిసవ్వడం మాకూ తెలుసని బ్లడ్ ఎల్ఫ్ లియాడ్రిన్ చెప్పింది. నైట్‌బోర్న్‌ల నాయకురాలు థలిస్రా ఎటు వెళ్లిందో వేరే చెప్పాలా? అటు నుంచి ఇటు చూస్తే వాయిడ్ ఎల్ఫులు. వాళ్లు అలయన్స్‌లో చేరింది ఇష్టపడి కాదు, సిల్వర్‌మూన్ వెలివేసింది కాబట్టి.

బల్ల చుట్టూ కూర్చుని ఆడే టేబుల్‌టాప్ ఆటలకు సొంతంగా ప్రపంచం అల్లుకునేవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. ప్రతి జాతికీ ‘గౌరవం’, ‘స్వేచ్ఛ’ అని ఒక ఆదర్శం రాసి ఫ్యాక్షన్‌కి అంటిస్తారు. మూడో సెషన్‌లో ఎవరో ఒక ఆటగాడు ‘అవతలివాళ్లూ గౌరవమే అంటున్నారుగా’ అంటాడు, అంతే, అంతా కూలుతుంది. ఆదర్శం బదులు నాలుగు వాక్యాలు రాయండి: ఏం పోగొట్టుకున్నారు, ఎవరు గెంటారు, ఎవరు ఏమిచ్చారు, సరిహద్దు అవతల ఎవరున్నారు. రెండోది ఖాళీగా ఉంటే ఆ జాతి ఎప్పుడో ఒకప్పుడు జారిపోతుంది. నాలుగింటిలో కనీసం రెండు, మొదటి రెండు మూడు సెషన్లలో ఆటగాడి చేతుల మీదుగా జరగాలి. పాత చరిత్ర అని కాగితం ఇస్తే ఎవరూ చదవరు.

కథతో పాటు ఆట నియమాలూ కాపలా కాస్తాయి. మొదట్లో అవతలి ఫ్యాక్షన్ మాట అర్థమయ్యేది కాదు, హోర్డ్ వాడు ‘లోల్’ అని కొడితే అలయన్స్ వాడికి ‘కెక్’ అని కనిపించేది. సరుకు అటు చేర్చాలంటే గాడ్జెట్‌జాన్, బూటీ బే లాంటి చోట్ల న్యూట్రల్ (ఎవరి పక్షమూ కాని) ఆక్షన్ హౌస్‌లో పెట్టాల్సి వచ్చేది. అప్పట్లో అక్కడ కోత 15 శాతం, సొంత ఊళ్లో అయితే 5 శాతమే. పైగా మధ్యలో వేరేవాడు కొనేసే ప్రమాదం ఉండేది. రెప్యుటేషన్‌లో న్యూట్రల్ నుంచి పై మెట్టయిన ఎగ్జాల్టెడ్‌కి వెళ్లాలంటే 3,000, 6,000, 12,000, 21,000, వెరసి 42,000 పాయింట్లు. ఇంత పోగేసినవాడు ఊరికే వదులుకోడు. 2009లో ఫ్యాక్షన్ మార్చే సేవ వచ్చింది, అప్పట్లో అమెరికాలో 30 డాలర్లు. గిల్డ్ (ఆటగాళ్ల సంఘం) వదలాల్సి వచ్చేది, సగంలో ఉన్న క్వెస్ట్‌లు పోయేవి.

2022 మే చివర వచ్చిన 9.2.5 ప్యాచ్‌తో రెండు వైపులవాళ్లూ కలిసి డంజన్‌లు, రెయిడ్‌లు (గుంపుగా ఆడే ఘట్టాలు) ఆడే వీలు వచ్చింది. ఉమ్మడి గిల్డ్‌లకు 2023 దాకా ఆగాల్సి వచ్చింది. కాని 9.2.5 వచ్చినప్పుడు ఒక గీత అలాగే ఉంచారు: ఒకే పార్టీలో ఉన్నా, డంజన్ గుమ్మం దాటేవరకు బయట మీరు అప్పట్లో పరాయివాళ్లుగానే ఉండేవారు. లోపల ప్రాణాలు నిలబెట్టే హీలర్, బయట మీ మీద మంత్రం వేయలేకపోయేవాడు.