మొదటి బల్బు, రెండో బల్బు

ఈ రోజు పదో తరగతిలో ఒక ప్రశ్న వేశాను. శ్రేణిలో కలిపిన రెండు ఒకే రకం బల్బుల్లో ఏది ఎక్కువ వెలుగుతుంది? ‘మొదటిదే సార్, కరెంటు కొంత అక్కడే ఖర్చయిపోతుంది కదా’ అన్నారు సగానికి పైగా. జవాబు చెప్పకుండా ఫెట్ (PhET) సిమ్యులేషన్ తెరిచాను, అంటే ప్రయోగాన్ని కంప్యూటర్ తెర మీద చేసి చూసే వెబ్‌సైట్. ఎలక్ట్రాన్లు నీలం చుక్కలై రెండు బల్బుల గుండా ఒకే వేగంతో సాగిపోయాయి. రెండూ సమానంగా వెలిగాయి. వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి వచ్చి, నమ్మకం కుదరక, ఆ చుక్కలను వేలితో లెక్కపెట్టింది. ఎంత ముచ్చటేసిందో!

ఈ ఫెట్‌ను మొదలుపెట్టింది అప్పట్లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఉన్న భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్. మన సత్యేంద్రనాథ్ బోస్ గణితం నుంచి పుట్టిన ఊహను, అంటే అతి చల్లగా చేసిన పరమాణువులు అన్నీ ఒక్కటిగా ప్రవర్తిస్తాయన్న దాన్ని, 1995లో ఎరిక్ కార్నెల్‌తో కలిసి ప్రయోగశాలలో నిజం చేసి చూపారు. 2001లో నోబెల్ వచ్చింది. ఆ సొమ్ములో కొంత పెట్టి 2002లో ఈ ఫెట్‌ను ప్రారంభించారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆ తర్వాత, పిల్లలు సైన్సును ఎలా నేర్చుకుంటారన్న పరిశోధన వైపే మళ్లారు. నాకు ఆయన నోబెల్ కన్నా ఆ మలుపే గొప్పగా తోస్తుంది.

రేపు సమాంతర వలయం. ముందు వాళ్ల ఊహలు బోర్డు మీద రాయించాలి.