బొంబాయిలో మొదటి రాత్రి

"బ్యాగు ముందుకి వేసుకో, తలుపు దగ్గరే నిలబడు. జనమే దింపేస్తారు" అన్నాడు లోకల్ రైల్లో నా హాస్టల్ స్నేహితుడు. దాదర్‌లో సరిగ్గా అలాగే దిగాను, కాలు కదపకుండానే! నా చెయ్యి మాత్రం వాడు వదల్లేదు.

సాయంత్రం మెరీన్ డ్రైవ్ గట్టు మీద కూర్చున్నాం. మా విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి పైకి రావడమే చూశాను ఇన్నాళ్ళూ. సముద్రంలోకి దిగిపోవడం ఇదే మొదటిసారి చూడటం. ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఉన్నది ఒక్క గది. మంచం నాకిచ్చేసి, వాడూ చెల్లెమ్మా వంటగదిలో చాప పరుచుకున్నారు. ఎంత వద్దన్నా వినరే! తెల్లారకముందే డ్యూటీకి లోకల్ పట్టుకోవాలి వాడు. అయినా పన్నెండు దాకా కబుర్లే. 1853లో మన దేశపు మొదటి ప్యాసింజర్ రైలు బోరీబందర్ నుంచి ఠాణేకి వెళ్ళిందట, రేపు అక్కడికే తీసుకెళ్తాడట.

ఇప్పుడు వంటగదిలోంచి గురక వినిపిస్తోంది. హాస్టల్లో విన్న అదే గురక.